పలకని మిషనుతో పది రోజులు

ఎనభైల్లో ఆదోనిలో ఒక ఎముకల డాక్టరు దగ్గర రోగులకు మిషన్లు పట్టే పని చేసినాను. అందులో ఒకటి శబ్దంతో వైద్యం చేసేది. మన చెవికి అందని శబ్దం. నొప్పి ఉన్న చోట మందు కలిపిన జెల్లీ రాసి, పైన లోహపు బిళ్ళను మెల్లగా తిప్పాలి. ఆ శబ్దమే మందును సూది లేకుండా తోలు దాటించి కండలోకి దింపుతుందని డాక్టరు చెప్పేవాడు.

పొద్దున్నే బిళ్ళ మీద నాలుగు నీటిచుక్కలు వేసి చూడమనేవాడు. శబ్దం వస్తుంటే నీళ్ళు సన్నగా అదిరి బుడగలు లేస్తాయి. మొదట్లో రోజూ చూసేదాన్ని. తర్వాత మానేసినాను. మిషను మీద లైటు వెలిగితే చాలనుకున్నాను.

ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే ఒకామె వచ్చేది. మగ్గం తాడు లాగీ లాగీ కుడి భుజం పట్టేసింది. పది రోజులు బస్సెక్కి వచ్చింది. నేను బిళ్ళ తిప్పుతుంటే కళ్ళు మూసుకొని అడిగేది.

"మందు లోపలికి పోతాండాదా పాపా?"

"పోతాందక్కా."

పదో రోజు చెయ్యెత్తి చూపించింది. భుజం దాటి లేవలేదు. "మిషను మంచిదే. నా ఒళ్ళే మందు పట్టలే," అనింది.

ఆమె గది దాటినాక అనుమానమొచ్చి నీళ్ళు వేసి చూసినాను. ఒక్క చుక్కా కదల్లేదు. ఆమె ఇంకా గేటు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. పిలిస్తే వినపడేంత దూరం. పిలిస్తే, నేను ఎన్నాళ్ళుగా చూడటం మానేసినానో డాక్టరుకు తెలుస్తుంది. పిలవలేదు. తన ఒంటినే తప్పు పట్టుకుంటూ పోయింది, పోనిచ్చినాను. డాక్టరుతో మాత్రం "ఇప్పుడే చెడిపోయింది సార్" అన్నాను. ఆయన నమ్మి బాగు చేయించినాడు.

ఏడాది పాటు, తన ఒళ్ళే మందు పట్టలేదన్న ఆమె మాట మింగుడుపడలేదు. చివరికి ఆమె చీటీలో ఉన్న అడ్రసు పట్టుకొని ఎమ్మిగనూరు పోయినాను. వాకిట్లో రాట్నం ముందు కూర్చొని పరాయి మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. నిలబడే అంతా చెప్పేసినాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

రాట్నం ఆపింది. "ఆ పొద్దే సెప్పింటే ఇంగో పది దినాలు వస్తాంటి గదా పాపా."

"ఇప్పుడైనా రా అక్కా. నేనే దగ్గరుండి చేస్తా."

"ఇంగెందుకు? మగ్గం అమ్మేస్తిమి."

లోపల, నేసేటప్పుడు కాళ్ళు దింపుకొని కూర్చునే మగ్గం గుంత పూడ్చి, అలికి, పైన మంచం వేసుకున్నారు. నన్ను ఆ మంచం మీదే కూర్చోమనింది. కూర్చోలేక కూర్చున్నాను.