మామయ్య ఆడి చూసి కొన్న టీవీ

మా ఇంటికి టీవీ వచ్చింది వార్తల కోసమో, ఆదివారం సినిమా కోసమో కాదు. మా మామగారు వీడియో గేమ్ ఆడుకోవడానికి వచ్చింది. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు. ఎనభైల నడిమి సంవత్సరాల్లో, గురజాల దగ్గర ఒక పల్లెలో, అరవై ఏళ్ళ మిరప రైతు వీడియో గేమ్ ఆడటమేమిటి అని. కానీ జరిగింది అదే. ఆ టీవీని ఎంచింది నేను. కాపరానికి వచ్చి అప్పటికి రెండేళ్ళు కాలేదు. అంతవరకు ఆ ఇంట్లో కూరకి బెండకాయలు తరగాలా, దొండకాయలు తరగాలా అని కూడా నన్ను ఎవరూ అడిగింది లేదు.

ఆ ఏడు చలికాలంలో మామయ్య సాగర్ కాలవ కట్ట మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక కూడా ఆరు నెలలు పొలం వైపు వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తెల్లారితే చేలో ఉండే మనిషి, ఊళ్ళో ఎవరి తగవైనా తీర్చే మనిషి, వసారాలో మంచానికి అతుక్కుపోయారు. ఆయన కోపమంతా కోళ్ళ మీద, రేడియో మీద, పాలు పోసేవాడి మీద పడేది. అత్తయ్య మీద మాత్రం పడేది కాదు. ఆవిడతో ఆయన ఎప్పుడూ గొంతు తగ్గించే మాట్లాడేవారు. ఎందుకో నాకు అప్పట్లో తెలియదు.

మా మరిది మస్కట్‌లో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు తండ్రికి పొద్దుపోవడానికని ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. నల్లటి పెట్టె, దానికి తీగలతో రెండు చేతిపిడులు, ఒక్కో పిడి మీద తిప్పడానికి చిన్న కర్ర, నొక్కడానికి ఒక మీట. ఇద్దరు ఎదురెదురుగా ట్యాంకులు నడుపుతూ ఒకరినొకరు పేల్చుకునే ఆట. ఇంట్లో టీవీ ఉంటుందనుకున్నాడు పాపం. లేదు. సెలవైపోయి వెళ్ళిపోయాడు. మామయ్య ఆ పెట్టెను మంచం మీద పెట్టుకుని, కర్ర అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అట్టపెట్టెలో సర్దేవారు. వారం రోజులు ఇదే తంతు. ఎనిమిదో రోజు పొద్దున్నే ప్రకటించారు.

"నరసరావుపేట పోయి టీవీ కొందాం."

"నువ్వెందుకు నాన్నా, ఈ కాలుతో? నేను పోయి మంచి కలర్ టీవీ తెస్తాలే" అన్నారు మా ఆయన.

"నువ్వు తెస్తే నీకు నచ్చింది తెస్తావురా. ఆడేది నేను. ఆ పుస్తకంలో ఇంగ్లీషు చదివేది అమ్మాయి. మేమిద్దరం వస్తాం."

నేను ఇంటర్ పాసయ్యాను. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం అంతకుముందే చదివి ఆయనకు చెప్పి ఉన్నాను. అత్తయ్య గడపలోంచి అంది, "మామతో కలిసి కోడలు టీవీల కొట్టుకా? ఊరేమనుకుంటది?"

"ఏమన్నా అనుకోనీ. ఊరికి ఇంగ్లీషు వచ్చా ఏంది?"

మాచర్ల నుంచి వచ్చే బస్సులో ముగ్గురం బయల్దేరాం. మామయ్య వెనక పొడుగు సీట్లో కాలు చాపుకున్నారు. గేమ్ పెట్టె సంచిలో, సంచి నా ఒళ్ళో. పిడుగురాళ్ళ దాటేసరికి తండ్రీకొడుకులిద్దరూ కునుకు తీస్తున్నారు. నాకు మాత్రం పెళ్ళయ్యాక మొదటిసారి ఒక పని మీద ఎక్కడికో వెళ్తున్నట్టుంది.

నరసరావుపేటలో ఆ కొట్టు ఒక సాయిబుగారిది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడట, తర్వాత టీవీలు అమ్మడం మొదలుపెట్టాడు. మామయ్య కుర్చీలో కూర్చోగానే సంగతి తేల్చేశారు.

"ఆడి చూడకుండా కొనేది లేదు సాయిబూ. ఎద్దును కొనేటప్పుడు నడిపించి చూడమా?"

"చూడండి పెద్దాయనా. సాయంత్రం దాకా ఆడినా నాకేం అభ్యంతరం లేదు" అన్నాడాయన నవ్వుతూ.

మా ఆయన అప్పటికే పెద్ద కలర్ టీవీ ముందు నిలబడి ఉన్నారు. సాయిబుగారు గేమ్ తీగను దాని వెనక బిగించాడు. తెర మీద వాన కురుస్తున్నట్టు చుక్కలు తప్ప ఏమీ రాలేదు. నేను పుస్తకం తీసి చూసి, మెల్లగా చెప్పాను. పెట్టె మీదున్న మీట మూడో నంబరు దగ్గరుంటే టీవీని కూడా మూడో నంబరుకే కలపాలని. కొట్లో నలుగురు మగాళ్ళ మధ్య నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సాయిబుగారు వెంటనే వంగి, చిన్న మర తిప్పుతూ పోయాడు. ఉన్నట్టుండి తెర నిండా గోధుమరంగు నేల, దాని మీద ఒక ఎర్ర ట్యాంకు, ఒక పచ్చ ట్యాంకు వచ్చి నిలిచాయి.

ఆటకు ఇద్దరు కావాలి. మా ఆయన బేరం మాటల్లో ఉన్నారు. "నువ్వు పట్టుకో అమ్మాయ్" అన్నారు మామయ్య. రెండో పిడి నేను పట్టుకున్నాను. ఆయన ఎర్ర ట్యాంకు, నాది పచ్చది.

ఓడిపోతూనే ఉన్నారు. మొదట చేయి అలవాటు లేక అనుకున్నాను. కాసేపటికి గమనించాను, ఆయన చూపు తన ట్యాంకు మీద లేదు, నా దాని వెంట తిరుగుతోంది. తన చేతిలో కర్ర తిప్పుతూ, నాది కదులుతుంటే తనదే కదిలిందనుకుంటున్నారు. రెండూ దగ్గరికొస్తే అసలు తేల్చుకోలేకపోతున్నారు.

"నాన్నా, నీది ఎర్రది. ఆ పచ్చదాని వెంట పడతావేంది?" అన్నారు మా ఆయన.

"తెలుసులేరా. కనపడతానే ఉంది."

కొట్టు బయట నిలబడి చూస్తున్న ఎవరో కిసుక్కున నవ్వారు. మామయ్య మెడ మీద చెమట పట్టింది. పిడి బల్ల మీద పెట్టేసి, "ఈ టీవీ బాగలేదు. బొమ్మ సరిగా రావట్లా" అన్నారు. బొమ్మ అద్దంలా ఉంది.

అప్పుడు నాకు మా మిరప కల్లం గుర్తొచ్చింది. కోతకు ముందు ఆయన ఎప్పుడూ అత్తయ్యను వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళేవారు. ఆవిడ చెట్టు వంచి చూసి ఏదో గొణిగాకే, "పండింది, కూలోళ్ళని పిలవండి" అని గట్టిగా చెప్పేవారు. ఎండబోసిన కాయల్లో పచ్చివి ఏరాలన్నా ఆవిడే ముందు వంగేది. భార్యంటే ఎంత గౌరవమో అనుకునేదాన్ని. ఆ గౌరవం నిజమే. దాని వెనక ఇంకో సంగతి ఉందని ఆ కొట్లో నాకు తట్టింది. మామయ్యకు ఎరుపూ పచ్చా ఒకేలా కనిపిస్తాయి.

ఏం చేయాలో తోచలేదు. నోరు తెరిస్తే అరవై ఏళ్ళు దాచుకున్నది బజారున పడుతుంది. ఊరుకుంటే ఆ కలర్ టీవీ మా ఇంటికొస్తుంది, ఆయన రోజూ దాని ముందు కూర్చుని ఓడిపోతారు. పక్క బల్ల మీద చెక్కపెట్టెలో బిగించిన బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటుంది. దాన్ని చూపించి, "ఒకసారి దానికి పెట్టి చూపిస్తారా?" అని సాయిబుగారిని అడిగాను.

"దానికెందుకు?" అన్నారు మా ఆయన.

"ఊరికే, చూద్దామని."

గేమ్ పెట్టె మీద రంగుకూ నలుపు తెలుపులకూ మార్చుకునే మీట ఉందని పుస్తకంలో చదివాను. సాయిబుగారు తీగ మార్చేలోపు దాన్ని కిందికి నొక్కాను. ఈసారి బూడిదరంగు నేల మీద ఒక ట్యాంకు తెల్లగా, ఇంకొకటి నల్లగా వచ్చాయి.

"మామయ్యా, మీది తెల్లది" అన్నాను.

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. గోడ చాటున తన ట్యాంకును దాచి, నేను దాటేదాకా ఓపిగ్గా ఆగి, వెనక నుంచి పేల్చారు. మళ్ళీ పేల్చారు. ఇందాక నవ్వినవాళ్ళే ఇప్పుడు "కొట్టు పెద్దాయనా!" అని అరుస్తున్నారు. నేను నిజంగా గెలవాలనే ఆడాను, ఓడిపోయాను. కాలు విరిగాక ఆయన పెదవుల మీద నవ్వు చూడటం అదే మొదలు.

"ఇదే తీసుకుందాం" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? జనమంతా కలర్ కొంటుంటే!" అన్నారు మా ఆయన.

"కలర్‌లో నాకు కళ్ళు లాగుతున్నాయి. తలనొప్పొచ్చింది" అని అబద్ధమాడాను. కలర్ టీవీ కొని రంగు తగ్గించేసుకున్నా సరిపోయేదే. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. కానీ అప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ రంగు ఎందుకు తగ్గించారని అడుగుతారు. ఆ ప్రశ్న ఆయన చెవిన పడటం నాకిష్టం లేదు.

సాయిబుగారు నా వైపు చూశాడు, మామయ్య వైపు చూశాడు. పెద్ద టీవీ అమ్ముడైతే లాభపడేది ఆయనే. అయినా, "అమ్మ చెప్పిందే కరెక్టు. ఆటకి ఇదే నయం. బొమ్మ కుదురుగా ఉంటది" అన్నాడు. ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. మధ్యలో కలగజేసుకుని నా వైపు ఒక్కమాట అన్నందుకు ఈరోజుకీ ఆయన్ని తలుచుకుంటాను.

మామయ్య చేతికర్ర పట్టుకుని లేచారు. "అమ్మాయి ఏది చెప్తే అదే కట్టు సాయిబూ."

ఇంటికొచ్చాక అత్తయ్య నాకు అన్నం పెడుతూ అడిగింది. "కలర్‌ది ఎందుకొద్దన్నావంట?"

"కళ్ళు లాగినయ్యి అత్తయ్యా."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది. "కాపరానికొచ్చిన కొత్తలోనే నాకు తెలిసిపోయిందమ్మా. ఎవరితో చెప్పుకుంటా? రైతు పరువు కదా. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే మోశా" అంది. "ఎవరితో అనమాక."

"అననత్తయ్యా."

ఆ రోజు ఆవిడ నా కంచంలో వేసిన గడ్డపెరుగు రుచి నాకింకా గుర్తు.

మా ఊళ్ళో ఎంత ఎత్తు గొట్టం మీద యాంటెన్నా కట్టినా వార్తలు చదివేవాళ్ళ ముఖం చుక్కల మధ్యే కనిపించేది. గేమ్‌కి యాంటెన్నాతో పనిలేదు, బొమ్మ కడిగినట్టు వచ్చేది. ఆ వేసవంతా, బయట ఎండ మండిపోతుంటే, అన్నాలయ్యాక మామయ్య కుర్చీలో, నేను కింద చాప మీద కూర్చుని ఆడేవాళ్ళం. మామ ఎదుట కోడలు కూర్చోవడమన్నది ఆ ఇంట్లో అదివరకు లేదు. ఆటకు కూర్చోక తప్పదు కాబట్టి కూర్చున్నాను. కూర్చున్నాక మాటలూ వచ్చాయి. నేను ఏం చదివానో, ఏం చదవాలనుకున్నానో అడిగేవారు. ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో కరెంటు పోయింది. నల్లబడిన తెర వైపే చూస్తూ ఆయన అన్నారు.

"నువ్వు కొట్లోనే కనిపెట్టావు కదా?"

"అవును మామయ్యా."

"మరి చెప్పలేదే?"

"మీరు చెప్పలేదు కదా అని."

చిన్నగా నవ్వారు. ఆపైన చెప్పుకొచ్చారు. ఎనిమిదేళ్ళప్పుడు పండుకాయలు కోసుకురమ్మంటే పచ్చికాయలు కలిపి కోసుకొచ్చారట. పొగరుతో చేశాడని వాళ్ళ నాన్న చెర్నాకోలతో కొట్టాడట. "నాకు అట్టాగే కనపడతయ్ అని చెప్పటం రాలా నాకు. అందరికీ అట్టాగే కనపడతయ్యేమో, వాళ్ళు చానా తెలివిగలోళ్ళు కాబట్టి చెప్పగలుగుతున్నారేమో అనుకున్నా."

కరెంటు వచ్చాక కూడా కాసేపు ఆడలేదు మేము.

మూడేళ్ళ తర్వాత, మాచర్ల వైపు పల్లెలో ఉండే మా ఆడబిడ్డ భర్తతో, పిల్లాడితో సెలవులకొచ్చింది. వాడు రెండో తరగతి. బొమ్మలో ఆకులకు ఎర్రరంగు వేశాడని, ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే చేస్తున్నాడని బడిలో మాస్టారు కొట్టారట. వాళ్ళ నాన్న ఆ బొమ్మల పుస్తకం చూసి, "కావాలనే చేస్తున్నావురా!" అని అందరి ముందూ చెయ్యెత్తాడు.

"ఆగు అల్లుడా" అన్నారు మామయ్య.

అప్పటికి ఆయన కాలు బాగైంది. లేచి వెళ్ళి పిల్లాడిని తన ముందుకు లాక్కున్నారు. "వాడు కావాలని చెయ్యట్లా. వాడికి తేడా తెలియదు. నాకూ తెలియదు. పుట్టినకాడి నుంచీ ఎరుపూ పచ్చా నాకు ఒకటే. మీ అత్త కళ్ళతో ఇంతకాలం యవసాయం చేశా."

మా ఆయన తండ్రి వైపు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు. అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. మామయ్య నా వైపు చెయ్యి చూపించారు. "ఈ పిల్లకి ఎప్పుడో తెలుసు. నా పరువు పోకుండా కలర్ టీవీ వద్దన్న నింద తన మీదేసుకుంది."

బడి తెరిచిన రోజు మామయ్య నన్ను వెంటబెట్టుకుని పిల్లాడి బడికి వెళ్ళారు. మాస్టారు మంచివాడే, తెలియక కొట్టానని నొచ్చుకున్నాడు. రంగు పెన్సిళ్ళన్నిటికీ కాగితం ముక్కలు అంటించి, ఒక్కోదాని మీద ఎరుపు, ఆకుపచ్చ అని పేర్లు రాసిచ్చాను. వాడు చదువుకుని వేసుకోవడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడి ఉండగా మామయ్య అడిగారు, "టీచర్ ట్రైనింగ్‌కి నీ చదువు సరిపోద్దా?"

సరిపోతుందన్నాను. ఆ నెలలోనే గుంటూరు వెళ్ళి దరఖాస్తు కాగితం తెచ్చింది ఆయనే. పరీక్ష రోజున బయట చెట్టు కింద మూడు గంటలు కూర్చుంది ఆయనే. మొదటి ఉద్యోగం అచ్చంపేట దగ్గర పల్లెలో వస్తే, ఇల్లు విడిచి ఆడపిల్ల అంత దూరమా అన్నవాళ్ళకు సమాధానం చెప్పింది అత్తయ్య. ఆ బడిలోనూ, ఆ తర్వాతి బడుల్లోనూ, కొత్త పిల్లలు రంగులు వేసే మొదటి రోజున నేను వాళ్ళ పుస్తకాలు చాలా నెమ్మదిగా చూసేదాన్ని.