జీపును ఎడ్లబండి చేసిన నేరం

“సర్కారు మోటారు వాహనాన్ని అనుమతి లేకుండా ఎడ్లబండిగా మార్చినాడు.”

నా సర్వీసు పుస్తకం ఏడో పేజీలో ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది. ఒకే ఒక్క వాక్యం, అందులో రెండు అబద్ధాలు. అనుమతి ఉంది. అది ఎడ్లబండి కాదు. ఈ వాక్యం మూలంగా నేను డ్రైవరుగా చేరి డ్రైవరుగానే దిగిపోయాను. జరిగింది జరిగినట్టు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

1949 ఎండాకాలంలో నన్ను సూర్యాపేట క్యాంపుకు వేశారు. మా మహకమా పేరు ఇప్పుడెందుకు? మహకమా అంటే ఇప్పటివాళ్ళ భాషలో శాఖ. పోలీసు చర్య అయ్యాక గడబిడలు సద్దుమణుగుతున్న రోజులు. సడకుల కింద కూలిన మోరీలు, తెగిన చెరువు కట్టలు చూసి రాసుకుని రావడం మా చిన్న సాహెబు పని. ఆయన్ను తిప్పడం నా పని. ఆయన పైన జిల్లా అంతటికీ పెద్ద సాహెబు ఉండేవాడు. నేను హంగామీ డ్రైవరును. హంగామీ అంటే, రేపు రావద్దంటే రాకూడని నౌకరీ. దానికి పై మెట్టు మిస్త్రీ, అంటే మోటారు మరమ్మతు చేసేవాడు. మిస్త్రీ నౌకరీ ఖాయం. పనిముట్ల పెట్టె అతని పేరున ఉంటుంది. అతను చెప్పకుండా బానెట్టు ఎవరూ ఎత్తకూడదు. ఆ సంవత్సరం ఒక మిస్త్రీని తీసుకుంటారని తెలిసింది. పెద్ద సాహెబు తనిఖీకి వచ్చి పని చూసి తేలుస్తాడన్నారు.

నేను బడికి పోలేదు. అంకెలు మైలురాళ్ళ మీద, అక్షరాలు దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. ఇంజనును జీపుతో వచ్చిన పుస్తకంలోని బొమ్మలు చూసి నేర్చుకున్నాను. ఆ బొమ్మల్లో ఒక్క బోల్టు నాకు తెలియనిది లేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, సాక్ష్యం కోసం చెబుతున్నాను.

ఆ జీపు యుద్ధంలో తిరిగి మాకు వచ్చింది. కోదాడ వైపు సడక్ మీద లేడిలా పోయేది. మోతె, తుంగతుర్తి వైపు బండిబాటల్లో దిగితే మాత్రం కుంటి మేక. కారణం ఉంది. ఇంజను కింద నూనె ఉండే గిన్నెను మేము చాంబరు అంటాం. దాని కిందుగా ఉండవలసిన ఇనుప పలక మాకు అందేనాటికే లేదు. బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి. బండిబాటలో చక్రాలు కోసిన రెండు గాళ్ళు, నడుమ గడ్డ, గడ్డ నిండా రాళ్ళు. చాంబరుకు రాయి తగిలిందంటే నూనె అంతా బాట తాగేస్తుంది. మే నుంచి జూలై లోపల మూడు చాంబర్లు పగిలాయి. మూడోసారి చిన్న సాహెబు మోతె నుంచి సూర్యాపేటకు నడిచి వచ్చాడు. నాలుగోది పగిలితే జీపు హైదరాబాదుకు, నువ్వు మీ ఊరికి అని చెప్పి, చెప్పులు విప్పి కాళ్ళు చూపించాడు. బొబ్బలు నిజమే.

నేను ఒక రోజంతా తుంగతుర్తి బాట పక్కన కూర్చుని బండ్లను చూశాను. బండి రెండు చక్రాలూ రెండు గాళ్ళలో సమంగా పోతాయి. మన జీపుకు అట్లా కుదరదు. తాడు పెట్టి కొలిచాను. జీపు చక్రాల మధ్య ఎడం బండి ఎడం కంటే ఆరేడు వేళ్ళు తక్కువ. ఒక చక్రం గాడిలో ఉంటే రెండోది గడ్డ మీద ఎక్కుతుంది, జీపు ఒక పక్కకు ఒరిగి పొట్టను రాయికి అప్పజెబుతుంది. జీపు చక్రం డిస్కు పళ్ళెంలా ఒకవైపు లోతుగా ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది. నాలుగూ తిరగేస్తే బండి ఎడానికి వేలెడు అటూ ఇటూగా సరిపోతుంది. అయితే అప్పుడు నడుమ గడ్డ సరిగ్గా పొట్ట కిందికి వస్తుంది. కాబట్టి పలక లేనిదే చక్రాలు తిప్పి లాభం లేదు. రెండూ కలిసి ఒకటే పని. ఇది ఇంజనీరు చెప్పలేదు, నేను కనిపెట్టాను.

అనుమతి కోసం నా చేతులతో దరఖాస్తు రాశాను. “బండి గాడికి సరిపోవునట్లు చక్రములు తిరగవేయుటకును, బండి చక్రముల పాత ఇనుప పట్టాలతో చాంబరు కింద పలక వేయుటకును అనుమతి ఇప్పించగలరు.” చిన్న సాహెబు చదివాడు. తన కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు. మంజూరు అని రాసి సంతకం చేశాడు. కాగితం తీసుకుపోయి గుమాస్తా లక్ష్మణరావు చేతిలో పెట్టాను. ఆయన కోదాడ మనిషి, మాట మెత్తన.

“నకలు ఒకటి ఇప్పించుండ్రి సారూ,” అన్నాను.

“నకలెందుకయ్యా బిక్షమయ్యా? నా దగ్గర పడ్డ కాగితం గుళ్ళో దీపంలాంటిది. ఎక్కడికీ పోదు.”

పోలేదు, నిజమే. ఎక్కడుందో తెలియలేదు, అంతే.

పని మోతెలో కమ్మరి వీరాచారి కొలిమిలో జరిగింది. ఆ ఊళ్ళ బండ్లకు చక్రపు పట్టాలు తొడిగేది ఆయనే. అరిగిన పట్టాలు సాగగొట్టి, పొడవుకు పొడవు పక్కపక్కన పేర్చి, అడ్డంగా రెండు పట్టీలు పెట్టి రివిట్లు వేశాం. మట్టి రాలిపోవడానికి, ఇంజనుకు గాలి ఆడడానికి సందులు ఉంచాం. నూనె దించే బిరడాకు ఎదురుగా ఒక రంధ్రం పెట్టాం. ముందు కొసలను పడవలాగా పైకి వంచాం. రాయి తగిలితే గుద్దుకోకుండా జారిపోవాలి. తిరగేసిన చక్రంలో నట్టు కూర్చునే గుంట వెనకవైపు ఉండదు. దానికి ఇరవై గుండ్రటి కుదుళ్ళు కొట్టించాను, ఒక్కో నట్టుకు ఒకటి. జీపుకు ఎడమవైపు నట్లు ఎడమకు తిప్పితే బిగుస్తాయి. ఈ ముక్క వీరాచారికి ఎక్కలేదు.

“ఏందయ్యా బిక్షం, ఒక్క బండికి రెండు తీర్ల మరలా? కుడిపక్కోడు ఎడంపక్కోనితోని మాట్లాడడా?”

“తెల్లోడు చేసిండు చారీ, మనకెందుకు? ఎడమకే తిప్పు.”

“తిప్పుత గని, గిట్ల చెప్పినవని రాసియ్యి. రేపు చక్రం ఊడితె నా మీదికొస్తది.”

నేను రాసిచ్చాను. ఈ కథలో కాగితాన్ని భద్రంగా దాచుకున్న మనిషి వీరాచారి ఒక్కడే. చివర్లో పలక మూలన తన గుర్తు, రెండు గీతల మధ్య చుక్క, ఉలితో కొట్టాడు. వద్దన్నాను. కొట్టిన పనికి గుర్తు ఉండాలె అన్నాడు.

తర్వాత నాలుగు నెలలు చాంబరు పగలలేదు. తిరగేసిన చక్రాల వల్ల బేరింగుల మీద భారం పడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. అందుకని వారానికి ఒకసారి గ్రీజు పెట్టేవాణ్ణి. గాడిలో దిగితే స్టీరింగు పట్టుకోనక్కరలేదు, జీపు దాని తోవన అది పోయేది. చిన్న సాహెబు బాటలో నిద్రపోవడం మొదలుపెట్టాడు. నిద్రపోయే అధికారి కంటే డ్రైవరుకు మంచి సర్టిఫికెట్టు ఏముంటుంది?

వరికోతలు అయ్యాక డిసెంబరులో పెద్ద సాహెబు మిర్యాలగూడ బంగళాలో దిగాడు. మాడుగులపల్లి దగ్గర కూలిన మోరీ చూడాలి, నా పనీ చూడాలి. ఆయన ముందు సీటులో, చిన్న సాహెబు వెనక. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మాడుగులపల్లి ఇంకా మైలు దూరం ఉందనగా గాళ్ళు జానెడు లోతుకు దిగాయి. జీపు వాటిలో పట్టాల మీద రైలులాగా పోతోంది. పెద్ద సాహెబు బాగుందన్నట్టు తల ఊపాడు. నాకు పనిముట్ల పెట్టె కళ్ళ ముందు కనిపించింది.

అప్పుడు ఎదురుగా పన్నెండు బండ్లు వచ్చాయి. వడ్ల బస్తాలతో మిర్యాలగూడ పోతున్నాయి.

పెద్ద సాహెబు హారను కొట్టమన్నాడు. కొట్టాను. ఎడ్లు చెవులు ఆడించాయి. ముందు బండి మీది నుంచి ముత్తయ్య అనే ముసలాయన దిగి వచ్చాడు. మాడుగులపల్లి బండ్లకు ఆయనే పెద్ద.

“ఎందుకు మొత్తుకుంటున్నవు బిడ్డా? బండ్ల ఏమున్నది?”

“సాహెబులున్నరు.”

“వడ్లున్నయా?”

“లేవు.”

“ఇగ ఖాళీయే గద. నిండు బండొస్తె ఖాళీ బండి గాడి ఇడువాలె. మా తాతల నాటి కానూను.”

ఆ కానూను నాకు తెలుసు. ఆ జిల్లాలో పుట్టినవాడికి ఎవడికైనా తెలుసు. చిన్న సాహెబు వెనక నుంచి లేచి, ఇది బండి కాదు, సర్కారు మోటారు అన్నాడు. ముత్తయ్య చక్రాలు చూశాడు. గాడిని చూశాడు.

“గాడిల నడిస్తె బండే, దొరా.”

అంతటితో ఆగితే బాగుండేది. ముసలాయన వంగి కిందికి తొంగి చూశాడు. “ఓరి నీ, ఇగో! కింద పట్టలు సుత మన మోతె చారి కొట్టినయే! చుక్క గుర్తు సూడు. నా బండికి గూడ గదే గుర్తు!” అని వెనకవాళ్ళను కేకేశాడు. పదకొండు మందీ వచ్చి వంగి చూశారు. పెద్ద సాహెబుకు తెలుగు రాదని మేము అనుకునేవాళ్ళం. కావలసినంత వచ్చునని ఆ రోజు తెలిసింది.

నా పొరపాటు నేను ఒప్పుకుంటాను. గాడిలో నడవడం ఆలోచించాను గాని గాడి నుంచి బయటపడడం ఆలోచించలేదు. మునుపు ఒక చక్రం ఎప్పుడూ పైనే ఉండేది, పక్కకు తిప్పితే వచ్చేసేది. ఇప్పుడు నాలుగూ లోపలే ఉన్నాయి. స్టీరింగు తిప్పితే టైరు గాడి గోడను రాసుకుంటోంది తప్ప ఎక్కడం లేదు. ముందు గేరు, వెనక గేరు, నాలుగు చక్రాల లాగుడు, అన్నీ చూశాను. జీపు పొగ వదిలింది, కదలలేదు.

ముత్తయ్య జాలిపడ్డాడు. మొదటి రెండు బండ్ల కాడి దించి, రెండు జతల ఎడ్లను మోకుతో జీపు ముందు కొక్కేనికి కట్టించాడు. చుట్టూ తుమ్మముళ్ళు, అందుకని పెద్ద సాహెబు దిగలేదు. ఎడ్లు ఒక్క గుంజు గుంజాయి. జీపు గాడి దాటి పక్కనున్న గట్టు మీదికి ఎక్కింది. ఎక్కేటప్పుడు కింద ఒక బండరాయి పలకను ఈ కొస నుంచి ఆ కొస దాకా గీసింది. నిప్పురవ్వలు లేచాయి. చాంబరుకు చీమ కుట్టినంత కూడా కాలేదు. ఈ పలక లేకపోతే ఇంజను అక్కడే ఖతం. నేను అదే చెప్పబోయాను. ఎడ్లు ఆగలేదు.

అవి మాడుగులపల్లి ఎడ్లు. ముఖం ఇంటివైపు ఉంది. మెడ మీద నిండు బండి బరువు లేదు. బ్రేకు వేయవచ్చు గదా అని మీరడుగుతారు. వేశాను. ముందు జత మోకాళ్ళ మీద కూలబడింది. ముత్తయ్య నా తల్లినీ తండ్రినీ కలిపి ఒక తిట్టు తిట్టి, “కాలు తియ్యిరా, నా ఎడ్ల కాళ్ళిరుగుతయి!” అని అరిచాడు. కాలు తీశాను. అట్లా మైలు దూరం పోయాం.

ఊరి మొదట్లో పటేలు, పెద్దమనుషులు, డప్పులు పెద్ద సాహెబు కోసం కాచుకుని ఉన్నారు. డప్పులు మొదలయ్యాయి. జీపుకు ముందు ఎడ్లు వస్తాయని ఎవరూ పటేలుకు చెప్పలేదు. కంగారులో ఆయన మొదటి బంతిపూల దండను ముందున్న ఎద్దు మెడలో వేశాడు. రెండోది పెద్ద సాహెబుకు వేసేలోపల ఎద్దు మొదటి దండ తినేసింది.

జీపు ఆగగానే నేను కింద దూరాను. “సాబ్, చుక్క నూనె కారలే! ఒక్కసారి వంగి సూడుండ్రి,” అని బతిమాలాను. పెద్ద సాహెబు వంగలేదు. ఆయన చూపు ఎడ్ల మీద ఉంది. బంగళాకు తిరిగి వచ్చాక, ఈ మార్పుకు అనుమతి ఎవరిచ్చారని అడిగాడు. నేను చిన్న సాహెబును చూశాను. చిన్న సాహెబు కిటికీలో నుంచి బయటికి చూశాడు. కాగితం ఉంది, గుమాస్తా దగ్గర ఉందన్నాను. సూర్యాపేట నుంచి లక్ష్మణరావును పిలిపించారు. ఆయన మోటారు ఫైలు పైకీ కిందికీ మూడుసార్లు తిరగేశాడు.

“ఉండాలండీ. ఎక్కడో ఉండే ఉంటుంది. నా దగ్గర కాగితం పోవడమన్నది లేదండీ,” అన్నాడు.

ఎర్ర సిరా సీసా మూత తీశారు. మిస్త్రీ నౌకరీ నల్లగొండ మనిషికి పోయింది. చక్రాలు మళ్ళీ మామూలుగా తిప్పించారు, పలక మాత్రం విప్పమనలేదు. ఆ జీపు ఎన్ని చేతులు మారినా ఆ పలక దాని పొట్ట కిందే ఉంది. నౌకరీ నాకు ఉంది, రెండేళ్ళకు ఖాయం కూడా అయింది, డ్రైవరుగా. కొత్త మిస్త్రీ చెప్పనిదే బానెట్టు ఎత్తలేదు.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. మిలిటరీ సర్కారు పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయింది, మహకమా శాఖ అయింది, నా అర్జీ మాత్రం ఏడాదికొకటి పోతూనే ఉంది. ప్రతి అర్జీలో రెండే కోరికలు: అనుమతి ఉందని ఒప్పుకోండి, ఎడ్లబండి అన్న మాట తీసేయండి. నౌకరీ దిగిపోయాక కూడా రాశాను.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. చక్రాన్ని గాడికి సరిచేసే ముందు గాడి నుంచి బయటపడే తోవ చూసుకోవాలి. అనుమతి కాగితాన్ని గుమాస్తా చేతికిచ్చే ముందు నకలు రాసుకోవాలి. రెండోది మొదటిదాని కంటే ముఖ్యం.

దిగిపోయిన మూడో ఏట జవాబు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

“మీ అర్జీ పరిశీలించడమైనది. మీరు చెప్పిన అనుమతి పత్రము, నాటి సాహెబు సంతకముతో సహా, పాత రికార్డులలో లభించినది. కావున మీ సర్వీసు పుస్తకములోని వాక్యము నుండి ‘అనుమతి లేకుండా’ అను మాటలు కొట్టివేయడమైనది. సదరు పత్రము ‘కిరాయి ఎడ్లబండ్లు’ అను ఫైలులో లభించినందున, మిగిలిన వాక్యమును మార్చుటకు కారణమేమియు కనిపించలేదు.”