మాసిన సంచి, ఉతికిన సంచి

నా బిడ్డ ఆటలపోటీల ఫొటోలు తీస్తది. అందరు ఆమె చేతిని మెచ్చుకుంటరు, మంచిదే. తీసిన ఫొటోలు పోకుండ కాపాడింది మాత్రం నేను. ఈ మాట చెప్పుకునేందుకు నాకు సిగ్గు లేదు.

మాది శంషాబాద్‌ల బట్టలుతికే ఇల్లు. విమానాశ్రయం వచ్చినంక గెస్ట్‌హౌస్‌ల దుప్పట్లు, డ్రైవర్ల యూనిఫారాలు మూటలకు మూటలు వచ్చేటివి. జేబు తడమకుండ నేను ఏ బట్టనూ నీళ్లల్ల వెయ్యలె. గట్ల తడుముతుంటే ఒకనాడు నా బిడ్డ ప్యాంటు జేబుల చిన్న నల్లబిళ్ల దొరికింది. కెమెరాల పెట్టే కార్డు. ఇది నిండిందా, ఖాళీదా అని అడిగిన. ఆమె దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆమెకే తెల్వది.

అప్పుడు అసలు సంగతి బయటపడ్డది. రావిర్యాల దిక్కున్న ఒక పెద్ద బడి పోటీలల్ల, నిండిన కార్డును ఖాళీదనుకొని తుడిచేసి మళ్ల వాడిందట. ఒక తరగతి పిల్లల పరుగుపందెం మొత్తం పోయింది. తల్లిదండ్రులు బడికి పోయి కొట్లాడిండ్రు. బడోళ్లు ఇంకొక్క ఏడాది చూస్తమన్నరు. ఈసారి ఒక్క పిల్ల ఫొటో తక్కువైనా ఇగ రావద్దన్నరు. ఆ బడి పోతే మాట పాకి మిగతా బళ్లు కూడ పోతయి.

నేను గట్టిగనే తిట్టిన. మాసిన బట్టలు, ఉతికిన బట్టలు ఒకే మూటల కట్టేటోళ్లను ఇప్పటిదాక చూడలేదన్న.

ఇగ ఆ పని నా చేతులల్లకు తీసుకున్న. యాభై దాటినంక సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న మనిషిని. అంకెలు అంతకుముందే వచ్చు, బట్టలు లెక్కపెట్టి లెక్కపెట్టి. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు పెట్టినట్టే, ఏ కెమెరా కార్డులకు ఆ కెమెరా గుర్తు పెట్టిన, గోళ్లరంగుతోని. ఒక చుక్క, రెండు చుక్కలు, అడ్డగీత. రెండు సంచులు కుట్టిన. ఎర్రది మాసినయి, తెల్లది ఉతికినయి. కార్డు నా చేతికొచ్చేటప్పుడే అందుల ఎన్ని ఫొటోలున్నయో కెమెరాల చూసి నోట్‌బుక్కుల రాసుకుంట. కంప్యూటర్‌కెల్లి రెండు హార్డ్‌డిస్కులల్లకు ఎక్కించినంక, రెండిట్ల అన్నే కనబడాలె. అప్పుడే ఆ కార్డు ఎర్ర సంచిలకెల్లి తెల్ల సంచిలకు పోతది, తుడిచి మళ్ల వాడొచ్చు. పని అయినంక ఒక డిస్కు మా ఇంట్ల, ఇంకోటి తుక్కుగూడల మా చెల్లె ఇంట్ల. ఒకింట్ల ఏమన్న అయినా ఇంకొకటి మిగులుతది.

మళ్ల ఏడాది అదే బడి. పరుగుపందెమంటే ఒక్క ఫొటో గాదు, బటన్ ఒత్తిపట్టుకుంటే టకటక పదులు పదులు పడతయి. గసువంటి కెమెరాలు మూడు. డేరా కింద కంప్యూటరు ముందర నేను. రిలే మొదలయ్యేముందు, పట్నం నుంచి కిరాయికొచ్చిన ఫొటోగ్రాఫరు ఉరికొచ్చిండు. కార్డు నిండింది, ఖాళీది కావాలన్నడు. నా తెల్ల సంచిల ఒక్కటి లేదు. ఆయన ఎర్ర సంచిల చెయ్యి పెట్టి తను పొద్దుగాల ఇచ్చిన రెండు చుక్కల కార్డు తీసుకున్నడు. దాన్ని ఇంతకుముందే, నేను అన్నానికి లేచినప్పుడు, తను కంప్యూటర్‌ల ఎక్కించిండట, తుడిచి వాడుకుంటడట. నేను ఆయన మణికట్టు పట్టుకున్న.

"అవ్వా, ఎక్కుతుంటే నా కండ్లతోని చూసిన. ఇడువు."

"నేను లెక్క చూడలె. చూడందే ఇయ్య."

అక్షరాలు మొన్న నేర్చిన ముసలామె తనకు పని నేర్పుతుందని గొణిగిండు. నేను విన్న. అవతల పిల్లలు సున్నపు గీత మీద నిలవడ్డరు. నా బిడ్డ ఉరికొచ్చింది.

"అమ్మా, రిలే పోతది. ఇచ్చెయ్యరాదు."

నేను నోట్‌బుక్కు తెరిచి ఆమె ముందర పెట్టిన. కెమెరాల వెయ్యిన్ని మున్నూట పన్నెండు. కంప్యూటర్‌ల చూడుమన్న. తొమ్మిది వందల నాలుగు. డిస్కు నిండి మధ్యలనే ఆగిందట. జాగ లేదని తెర మీద రాసొస్తే, అక్షరాలు బాగ వచ్చిన ఈయన చదవకుండనే మూసేసి పోయిండు. ఎక్కకుండ మిగిలినయి ఒకటో తరగతి చిన్నపిల్లలయి.

నా బిడ్డ తన కెమెరాల సగం నిండిన కార్డు తీసి ఆయన చేతుల పెట్టింది. దీన్ని తుడవొద్దు, మిగిలిన జాగలనే తియ్యమన్నది. వంద తీసేటాయన పది తీసిండు, ఆ పదిట్లనే కర్ర చేతులు మారుడు కూడ వచ్చింది. నేను కొత్త డిస్కు పెట్టించి రెండు చుక్కల కార్డును మొదటికెల్లి ఎక్కించిన. వెయ్యిన్ని మున్నూట పన్నెండు వచ్చినంకనే తెల్ల సంచిల వేసిన.

బడోళ్లు హాజరుపట్టీ ముందర పెట్టుకొని ఒక్కొక్క పిల్లను వెతుక్కున్నరు. ఒక్కరు తక్కువ కాలె. ఆ తర్వాత కూడ ఆ పని మాకే ఇచ్చిండ్రు.

ఆ ఫొటోగ్రాఫరు అటెన్క కూడ మాతోని పనికొచ్చిండు. కార్డు నిండంగనే తెచ్చి, నేను లెక్క రాసుకునేదాక కదలకపోయేటోడు. తెల్ల సంచిలకెల్లి తీసిచ్చినా ఊకనే కెమెరాల వేసుకోకపోయేటోడు.

"అవ్వా, ఇది ఉతికిందేనా?" అని అడిగేటోడు.

నేను నోట్‌బుక్కు ఇంకోసారి చూసి, అవునంటేనే తుడిచేటోడు.