మా చెల్లికి సంగీతం కాలేజీ

ఇంటర్ పాసైన పిల్లని కాలేజీలో చేర్చడం పెద్ద కష్టమేమీ కాదు, ఆ పిల్ల సంగీతం చదువుతాననకపోతే. మా చెల్లి ఆ మాట అన్న రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ స్థిమితంగా అన్నం తినలేదు. నేను అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. నాన్న పోయాక ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చిన పెద్దదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆ తలనొప్పి నా నెత్తికే చుట్టుకుంది. అమ్మకి కాఫీ మొక్కలు, రాగులు పండే చోడి చేను, మేకలు తప్ప వేరే గొడవ పట్టదు. "నీకు తెలిసినట్టు సెయ్యే" అని ఒక్క మాటతో చేతులు దులిపేసుకుంది.

సలహాలకి మాత్రం కొదవ లేదు. సీతంపేటలో గిరిజన సంక్షేమ ఆఫీసులో పనిచేసే మా బాబాయి రోజూ ఫోను.

"పెద్ద కాలేజీలోనే ఎయ్యే. సిన్నదాంట్లో సదివితే ఎవడు అడుగుతాడు?"

"సంగీతానికి బాబాయ్."

"సంగీతమా? పాటకి సదువేటే? మన ఆడగుంటలందరూ పాడతారు కదా!"

అదీ నిజమే. మా కొండల్లో పాడటం రాని ఆడది ఉండదు, నేను తప్ప. చోడి చేలో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు ఒక వరస పాడి ఆగుతుంది. రెండో జట్టు దానికి జవాబు పాడుతుంది. అడిగే వరస ఒకరిది, జవాబు వరస ఇంకొకరిది. రెండూ ఒక్కరే పాడితే మా వాళ్ళు ఒప్పుకోరు. ఎవరూ లేనివాళ్ళే అలా పాడుకుంటారంటారు. చిన్నప్పుడు మా చెల్లి మేకల వెనకాల తిరుగుతూ ఒక్కతే రెండు వరసలూ పాడిందని అమ్మ వీపు మీద ఒకటి వేసింది కూడా. "నీకెవలూ లేరేటే?" అని.

అంత చిన్న సంగతి కాలేజీ సీటు దగ్గర అడ్డం పడుతుందని నాకేం తెలుసు?

ముందు చిన్న కాలేజీకి వెళ్ళాం. ఘాట్ దిగాక మైదానంలో వచ్చే ఒక చిన్న పట్నంలో ఉందది. పాత పెంకుటిల్లు, వరండా నిండా చెప్పులు, లోపల ఎవరో వీణ మీద ఒకే స్వరాన్ని పట్టుకుని వదలకుండా సాధన చేస్తున్నారు. ఏడాదికి పదిమందిని మించి చేర్చుకోరట. మాస్టారు పెద్దాయన, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. శ్రుతి పెట్టి, "మీ ఊరి పాటే ఏదైనా పాడమ్మా" అన్నారు.

చెల్లి ఒక వరస పాడి ఆగింది.

అది మాస్టారి మొహంలోకి చూసింది. మాస్టారు దాని మొహంలోకి చూశారు. నేను గోడకేసి చూశాను.

పిల్ల సరిదిద్దమంటోందని అనుకున్నారేమో పాపం, ఆయన ఆ వరసనే తీసుకుని, కొంచెం సాగదీసి, గమకం తగిలించి చక్కగా పాడి వినిపించారు. చెల్లి మళ్ళీ అదే వరస పాడి ఆగింది. ఆయన ఇంకా చక్కగా పాడారు. ఇలా కాసేపు సాగింది. చివరికి ఆ వరస ఆయనకే కంఠతా వచ్చేసింది. "గొంతు బంగారమమ్మా. సోమవారంలోగా చేర్చెయ్యండి. ఇంకో పిల్ల కూడా అడుగుతోంది" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి మాస్టారు, తక్కువ పిల్లలు, ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలిచే చోటు. బస్సెక్కి రెండు గంటలు కూర్చుంటే మా ఊరు. ఇంతకంటే ఏం కావాలి? బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మహారాణిగారిని ఇందులో చేరతావా అని అడిగాను.

"నానడిగిందే నన్ను తిరిగి అడుగుతన్నాడక్కా. జవాబు సెప్పడేటి?"

"మన పాటకి జవాబు ఆయనకెలగ తెలుస్తాదే? ఆయనొచ్చి మన చేలో కలుపు తీశాడా?"

"అదే నానూ అంటన్నాను" అంది.

తల కొట్టుకున్నాను. బస్సులో జనం చూశారు.

అయినా పెద్దదాంట్లో కూడా చూస్తానన్న దాని మాట కాదనలేక ఆ శనివారం విశాఖలో పెద్ద కాలేజీకి తీసుకెళ్ళాను. రైలెక్కింది మొదలు ఒకటే నూరిపోశాను. "అక్కడ ముగ్గురు నలుగురు కూర్చుని ఉంటారు. నువ్వు ఆగితే మర్చిపోయావనుకుంటారు. రెండు వరసలూ నువ్వే పాడెయ్యి. కొంప మునగదు." బొర్రా సొరంగాలు దాటినంతసేపూ చెప్పాను. "అలగే" అంది. బుద్ధిగా తలూపింది.

ఆ కాలేజీ ఎంత పెద్దదంటే, సంగీతం విభాగం ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు. వసారా పొడవునా బెంచీలు, బెంచీల నిండా పిల్లలు, వాళ్ళ వెనక నాలాంటి దిక్కుమాలిన వాళ్ళు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు సగం తెరిచే ఉంది. లోపల బల్ల వెనక కూర్చున్నవాళ్ళు అప్పటికే అలిసిపోయి ఉన్నారు. చెల్లి నిలబడి ఒక వరస పాడింది.

ఆగింది.

"మర్చిపోయావా అమ్మా?"

"లేదండీ."

"మరి పాడు."

పాడలేదు! రాయిలా నిలబడింది. ఆ 'అలగే' ఏ సొరంగంలో పడిపోయిందో దేవుడికే తెలియాలి. లోపలికి వెళ్ళి చెవి మెలిపెట్టి తీసుకొచ్చేద్దామా అన్నంత కోపం వచ్చింది. చేతికి అందిన చిన్న కాలేజీ ఉండగా ఇంతదూరం వచ్చింది ఈ అవమానానికా?

అప్పుడు నా వెనక బెంచీ మీంచి ఎవరో జవాబు పాడారు.

తిరిగి చూస్తే, తండ్రి పక్కన తల దించుకుని కూర్చున్న ఒక పిల్ల. చింతపల్లి కొండల వైపు పిల్లట, తర్వాత తెలిసింది. పాడాలని పాడినట్టు లేదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాటలు కొంచెం వేరు, వరస మాత్రం అదే. లోపల మా చెల్లి మొహం చూడాలి! అడిగే వరస ఇంకొకటి ఎత్తుకుంది. చెయ్యి తీసేసి ఆ పిల్ల మళ్ళీ జవాబిచ్చింది. ఈసారి బెంచీ చివర నుంచి ఇంకో గొంతు కూడా కలిసింది.

"ఇదేమైనా సంతా?" అని అటెండరు కేకలేశాడు. లోపలివాళ్ళు తలుపు మూయించేశారు. మూసిన తలుపుకి ఇటుపక్క వీళ్ళు, అటుపక్క అది. పాట పూర్తయ్యేదాకా ఎవరూ వినిపించుకోలేదు.

బయటికి రాగానే, "ఏమన్నారే?" అని అడిగాను.

"ఏమో. ఆ గుంట ఏ ఊరక్కా?" అని, నన్ను దాటుకుని వెళ్ళి ఆ పిల్ల పక్కన కూలబడింది.

ఫలితాలు మంగళవారం. చిన్న కాలేజీ గడువు సోమవారం. నా బాధ ఎవరికి చెప్పను? అందులో చేరకపోతే ఆ సీటు పోతుంది, చేరి మానేస్తే కట్టిన ఫీజు తిరిగి రాదు. ఇందులో రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది ఇంట్లో ఉంటే అమ్మ పెళ్ళి మాట ఎత్తుతుంది, ఇక చదువూ లేదు, సంగీతమూ లేదు. అది దానికీ తెలుసు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"చిన్నదాంట్లో నిన్ను చూసుకుంటారే. పెద్దదాంట్లో నువ్వొక నెంబరువి, అంతే."

"పెద్దదాంట్లో మన కొండల గుంటలు ఎంతమందో ఉంటారక్కా. సిన్నదాంట్లో నానొక్కర్తినే."

"వెళ్ళేది నేర్చుకోడానికా, కలుపు తీయడానికా?"

"మాస్టారు నేర్పుతారు సరే. సాయంత్రం ఎవలితో పాడాల?"

బాబాయికి చెబితే తన మాటే నెగ్గిందని సంబరపడ్డాడు. మాస్టారికి ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమన్నాను. ఆయన నొచ్చుకుంటూనే కుదరదన్నారు. సోమవారం అలాగే వెళ్ళిపోయింది. ఆ రోజు నా క్లాసు పిల్లలు ఏ తప్పూ చెయ్యకుండానే తిట్లు తిన్నారు.

మంగళవారం స్కూల్లో సిగ్నల్ దొరికే ఒకే ఒక్క చోట, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి జాబితా తెరిచాను. దాని పేరుంది. ట్యాంకు గట్టు మీదే కూలబడి, సంతోషంతోనో ఉక్రోషంతోనో తెలియదు, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అది అక్కడ లేదు కాబట్టి తృప్తిగా తిట్టాను.

చేర్పించిన రోజు హాస్టల్ గేటు దగ్గర ఆ చింతపల్లి పిల్ల అప్పటికే నిలబడి ఉంది. పెట్టె నా చేతిలోనే వదిలేసి మా చెల్లి పరిగెత్తింది. నేను మోసుకుంటూ గది గుమ్మం దాకా వెనక వెళ్ళాను. గదిలో ఇంకా పరుపులు పరవలేదు, బాత్‌రూముల్లో నీళ్ళు రావడం లేదు. చిన్న కాలేజీలో అయితే ఇలా ఉండేదా అని మొదలుపెట్టాను. మాస్టారి గురించి, మజ్జిగ గురించి, రెండు గంటల బస్సు గురించి మళ్ళీ మొత్తం చెప్పాను. అది నవ్వుతూ వింది.

"అక్కా, నిజం సెప్పు. అక్కడ బాగా నేర్పుతారనా, శనివారం శనివారం నాను ఇంటికొచ్చేస్తాననా నీ గోల?"

టీచర్ని, రోజుకి ఆరు పీరియడ్లు అరిచేదాన్ని, వంగి పెట్టె తాళం సరిగ్గా పడిందా లేదా అని చూడటం మొదలుపెట్టాను. అది నవ్వడం ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

చెయ్యి విడిపించుకున్నాను.

"బేగి లోనికెళ్ళి కిటికీ పక్క మంచం పట్టుకో" అన్నాను. "లేకపోతే ఇంకెవరో పట్టుకుంటారు."