ఆగిందని చెప్పిన బటన్

తొమ్మిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. నాతో కలిసి పనిచేసినవాళ్ళకు తెలియదు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు అసలే తెలియదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. ఎందుకు మీకు? తెలిసినవాళ్ళకు చెబితే “అయ్యో, నువ్వేం కావాలని చేశావా” అంటారు. ఆ మాట వినాలని నాకెంత ఆశగా ఉందో నాకే తెలుసు. అందుకే వాళ్ళకు చెప్పలేదు.

కావాలని చేశానా? మొదటి తప్పు కావాలని చేయలేదు. రెండోది మాత్రం తెలిసే చేశాను. మీకు చెప్పాల్సింది ఆ రెండోదే. కానీ మొదటిది చెప్పకుండా అది అర్థం కాదు.

నేను బటన్లు తయారుచేస్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీద మా షాపు. మిల్లులకీ, ఐస్ ఫ్యాక్టరీలకీ మిషన్లు నడిపే ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ళం. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. షాపులో డిజైన్ పనిలో ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏ మిల్లుకు వెళ్ళినా పాత బోర్డు మీద నలభై బటన్లుండేవి. పేర్లు చెరిగిపోయి, సుద్దముక్కతో రాసుకున్న గుర్తులుండేవి. ఎనిమిది బటన్లు చాలు కదా అనిపించింది నాకు. ఒక్కో బటన్ ముఖం మీద చిన్న తెర పెడితే, అవసరాన్ని బట్టి దాని పేరే మారుతుంది. మోటారు తిరుగుతుంటే ‘ఆపు’ అని కనిపిస్తుంది. ఆగాక అదే బటన్ మీద ‘నడుపు’ అని వస్తుంది. తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

మా ఓనరు గారు ఒప్పుకున్నారు. మొదటి బోర్డు పామర్రు దాటాక ఉన్న ఒక బియ్యం మిల్లుకు. అక్కడ ఆపరేటరు దేవసహాయం గారు. యాభై దాటిన మనిషి. పాతికేళ్ళుగా అదే మిల్లు. ఏ మోటారు అలిసిపోయిందో శబ్దం విని చెప్పేవారు.

నా బటన్ చూసి ముచ్చటపడ్డారు. నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు.

“అక్షరాలు బాగున్నాయమ్మా. కానీ మాది చూసి నొక్కే పని కాదు. కళ్ళు గింజ మీదుంటాయి, చెవి మోటారు మీదుంటుంది. మిగిలింది వేలొక్కటే. దానికి తెలిసేట్టు చెయ్యండి, చాలు.”

తెర పెట్టాక బటన్ కిందికి పెద్దగా దిగదు. నొక్కినట్టు వేలికి తెలియదు. అందుకని ఫోన్లలో ఉండేలాంటి చిన్న కంపన మోటారు లోపల పెట్టాను. ఆయన వేలు పాతికేళ్ళుగా కాయలు కాసిన వేలు. “దోమ వాలినట్టుందమ్మా” అన్నారు. ఇంకాస్త గట్టిది పెట్టాను. “ఇది తేనెటీగ.” ఆ నెలలో ఎన్నిసార్లు బస్సెక్కి వెళ్ళానో. మధ్యాహ్నం మిల్లు ఆగినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నేను బటన్లు మార్చి మార్చి ఆయన వేలి కింద పెట్టేదాన్ని. చివరికి ఒక రోజు కళ్ళు తెరిచి నవ్వారు.

“ఇదీ! మెటిక విరిచినట్టుంది. ఇది చాలమ్మా.”

ఆ బటన్ నేను చేశానని అందరూ అంటారు. సగం ఆయన వేలు చేసింది.

ఇక తప్పు సంగతి. బటన్ నొక్కగానే ‘ఆపు’ అన్న మాట తీగలో మోటారు పెట్టెకు వెళ్ళాలి. అక్కణ్ణించి ‘ఆగింది’ అని తిరిగి రావాలి. అప్పుడు వేలికి మెటిక తగలాలి, అప్పుడే పేరు మారాలి. నేను మొదట చేసింది అలాగే. కానీ దానికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. మా ఓనరు గారు నొక్కి చూసి, “ఏంటమ్మా ఇది, నిద్రలో పిలిస్తే పలికినట్టుంది?” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళకుండా కూర్చుని వరస మార్చేశాను. ముందు మెటిక, ముందు పేరు మార్పు. మోటారుకు మాట చేరడం ఆ వెనక. మర్నాడు ఓనరు గారు మళ్ళీ నొక్కి, “ఇప్పుడుంది ప్రాణం” అన్నారు. ఆ మెచ్చుకోలు వారం రోజులు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మిల్లుకు పంపేముందు రోజంతా పరీక్షించాను. రెండుసార్లు, కాదు, మూడుసార్లు, మెటిక తగిలింది, పేరు మారింది, మోటారు మాత్రం ఆగలేదు. మాట దారిలోనే పోయింది. నోటుబుక్కులో రాసుకున్నాను. పక్కనే ‘తర్వాత చూడాలి’ అని కూడా రాసుకున్నాను. ఆ పేజీ రాసిన చెయ్యి ఇదే.

బోర్డు బిగించిన నాలుగో నెలలో ప్రమాదం జరిగింది. పొద్దున పది దాటింది. మిల్లులో తవుడును ముందుకు తోయడానికి ఇనుప తొట్టిలో పొడవాటి మర ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు తడి తవుడు ముద్దకట్టి మర బిగుసుకుపోయింది. శుభ్రం చేసే పని రత్నానిది. రత్నం దేవసహాయం గారి బాబాయి కూతురు. ఆ మిల్లులో ఆమెను పనిలో పెట్టించింది ఆయనే. ఆమె తొట్టి మూత తీసి నిలబడింది. ఆయన చూపు ఆమె మీదే ఉంది. వేలు బటన్ మీద ఉంది. నొక్కారు. మెటిక తగిలింది.

“ఆపానమ్మా, తీసెయ్” అన్నారు.

మర ఎలాగూ కదలడం లేదు. మోటారు మాత్రం దాన్ని తిప్పాలని లోపల బిగబట్టి ఉంది. మిగతా మిషన్ల హోరులో ఆ శబ్దం వినపడలేదు. రత్నం ముద్దను లాగింది. మర తిరిగింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశారు. బోర్డు మొత్తం ఆరిపోయింది. బటన్ మీద ఏ పేరుందో ఎవరూ చూడలేదు. కానీ ఏముండి ఉంటుందో నాకు తెలుసు. ‘నడుపు’ అని ఉండి ఉంటుంది. అంటే, మోటారు ఆగి ఉందని.

మూడో రోజు మధ్యాహ్నం మిల్లు ఆఫీసు గదిలో కూర్చున్నాం. మిల్లు యజమాని, మా ఓనరు గారు, నేను. దేవసహాయం గారు నిలబడే ఉన్నారు.

“ఏమ్మా, మీ బటన్‌లో ఏమన్నా లోపముందా?” అని యజమాని అడిగారు.

మా ఓనరు గారు నా వైపు చూడలేదు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“లేదండి” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. “ఆపడానికీ నడపడానికీ ఒకటే బటనండి. రెండుసార్లు నొక్కితే ఆగి మళ్ళీ మొదలవుతుంది. కంగారులో రెండుసార్లు నొక్కి ఉంటారు.”

దేవసహాయం గారు నా వంక చూశారు. కోపంగా కాదు. లెక్క తప్పిన పిల్లవాడు పంతులమ్మను చూసినట్టు చూశారు.

“ఒక్కసారే నొక్కాననుకున్నానమ్మా. వేలికి తెలిసింది. ఒకటే మెటిక.”

“ఒక్కోసారి మనకు తెలియకుండానే వేలు రెండోసారి పడుతుందండి.”

ఆయన తన వేలిని చూసుకున్నారు. తర్వాత యజమానితో అన్నారు. “ఆ బటన్ చేసిందే ఆవిడండి. చదువుకున్నావిడ. ఆవిడకు అబద్ధమాడాల్సిన పనేముంది? నేనే రెండుసార్లు నొక్కి ఉంటాను.”

ఎవరూ ఇంకేమీ అడగలేదు. టీ తెప్పించారు. నేను తాగాను కూడా.

ఎందుకు చెప్పాను? ఉద్యోగం పోతుందని భయమా? ఉంది. ఆడపిల్ల చేసిన బోర్డు కాబట్టే ఇలా అయిందంటారన్న భయమూ ఉంది. అది అబద్ధపు భయం కాదు. ఆ రోజుల్లో తప్పకుండా అనేవాళ్ళే. ఏళ్ళ తరబడి దాన్నే అడ్డం పెట్టుకుని బతికాను. కానీ నన్ను నేను గట్టిగా అడిగినప్పుడు వచ్చే జవాబు వేరు. “ఇప్పుడుంది ప్రాణం” అన్న మెచ్చుకోలును వెనక్కి ఇవ్వడం నాకిష్టం లేకపోయింది. అంతే. అంత చిన్నదానికి ఒక మనిషి వేలి మీద నింద వేశాను.

ఆ సాయంత్రమే షాపుకు వచ్చి పాత వరస పెట్టేశాను. ఐదు నిమిషాల పని. నోటుబుక్కులో ఆ పేజీ చింపేశాను. రెండు రోజుల తర్వాత, బోర్డులో దుమ్ము దులపాలని చెప్పి, మిల్లుకు వెళ్ళి సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించాను. దేవసహాయం గారు బోర్డుకు దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకసారి నొక్కి చూస్తారా అని అడిగాను. ఎలా అడిగానో!

“వద్దమ్మా. నా వేలిని నేనే నమ్మను.”

రెండు నెలలకు మిల్లు మానేశారు. రత్నం ఆయన ఇంటికి రావడం మానేసింది. ఆదివారం ఒకే చర్చిలో, చెరో చివర కూర్చుంటారని విన్నాను.

నేను మాత్రం పైకొచ్చాను. మా బటన్లు నమ్మకమైనవని పేరొచ్చింది. మిషన్ నిజంగా వింటే తప్ప మెటిక తగలకూడదు, వేలికి అబద్ధం చెప్పకూడదు అని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. వాళ్ళు రాసుకునేవాళ్ళు.

ఈ ఏడు వానలు తగ్గాక, మా షాపులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక బటన్ పట్టుకొచ్చింది. “మేడం, క్లిక్ ముందే ఇచ్చేద్దామండి, ఫాస్ట్‌గా అనిపిస్తుంది” అంది. గట్టిగా కసిరాను. ఆ పిల్ల బిత్తరపోయి, “ఏమైంది మేడం, ఎవరికన్నా దెబ్బ తగిలిందా?” అని అడిగింది. లేదన్నాను. అబద్ధం అంత తేలిగ్గా, నీళ్ళు తాగినట్టు వచ్చింది. ఆ తేలికే నన్ను భయపెట్టింది.

ఆదివారం బస్సెక్కాను. కూచిపూడి వెళ్ళే దారిలో దిగితే వాళ్ళ ఊరు. దేవసహాయం గారు అరుగు మీద చేటలో మినుములు ఏరుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టి లేవబోయారు. లేవొద్దన్నాను. నిలబడే చెప్పాను. వరస మార్చిన సంగతి, పరీక్షలో తేలిన సంగతి, చింపిన పేజీ, అన్నీ. దారంతా కూడబలుక్కున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆయన చేట పక్కన పెట్టారు.

“అయితే, నేను ఒక్కసారే నొక్కానా?”

“ఒక్కసారేనండి.”

“మీకు ఆవాళే తెలుసా?”

“తెలుసండి.”

వాళ్ళావిడ లోపల్నించి టీ తెచ్చి నా ముందు పెట్టింది. ఆయన తాగమనలేదు. అంత మర్యాదస్థుడు, ఆ మాట అనలేదు. టీ చల్లారిపోయింది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.

“మా చెల్లెలు తొమ్మిదేళ్ళుగా మా గడప తొక్కలేదు. ఈ మాటలే దానికీ చెప్పండి. పదండి.”

రెండు వీధుల అవతల రత్నం ఇల్లు. వాకిట్లో ఆమె ఎదుట మళ్ళీ మొదట్నించీ చెప్పాను. కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకుని వింది. నా మొహం చూడలేదు. నేను ముగించాక కూడా చూడలేదు. ఆయన వైపు తిరిగి, “అన్నయ్యా, లోపలికి రా” అంది. ఆయన వెళ్ళారు. తలుపు వేయలేదు. నన్ను ఎవరూ రమ్మనలేదు. లోపల ఒక ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలియలేదు. వినడానికి నాకు హక్కు లేదనిపించి రోడ్డు మీదికి వచ్చేశాను.

క్షమించమని నేను అడగలేదు. వాళ్ళు క్షమించామనీ అనలేదు. అది వాళ్ళ ఇష్టం. రేపు మిల్లు యజమానికీ, మా ఓనరు గారికీ ఉత్తరాలు రాసి, కింద నా పేరు పెడతాను. మీకు మాత్రం పేరు లేకుండా చెబుతున్నాను. అంత ధైర్యం ఇంకా రాలేదు. ఆ రోజు మిల్లు ఆఫీసు గదిలో, టీ రాకముందు, నేను అనాల్సిన మాట మూడు ముక్కలే.

ఆయన ఒక్కసారే నొక్కారు. ఆగిందని చెప్పింది నా బటన్. అది అబద్ధం చెప్పగలదని నాకు ముందే తెలుసు.