కాలికి బదులు బస్సు పాసు

మైదుకూరు రోడ్డు మీద మా చిన్నాయన కుడికాలును తొక్కేసిన బస్సుకు బ్రేకులు తప్ప అన్నీ ఉండేవి. దాని యజమాని మహా ధర్మాత్ముడు. చిన్నాయన ఆసుపత్రిలో కాలు పోగొట్టుకుని, చంకకర్రలతో ఇల్లు చేరగానే పెద్దమనుషులను పిలిపించి, బనగానపల్లె మామిడిపండ్లు కోసిపెట్టి పంచాయితీ చేయించాడు. పండ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి పెద్దమనుషుల తీర్పూ తియ్యగానే వచ్చింది.

"బతికినన్నాళ్లూ ఆయప్ప బస్సులో ఊరికే తిరుగప్పా. ఇంగేం గావాల నీకు?"

పాసు రాసిచ్చారు. కాలు తీసుకుని ఊళ్లు తిరిగే హక్కు ఇచ్చిన ఇలాంటి దాతను నేను మళ్లీ చూడలేదు. ఆ బస్సు మెట్టేమో రెండు కాళ్లున్న వాళ్లకే నడుమెత్తు!

చిన్నాయన ఆ పాసును వాడింది ఒక్క రోజే, ఆ యజమాని మీద దావా వేయడానికి. నేనూ కండక్టరూ ఆయన్ను మూటలా పైకెత్తాం. కడపలో వకీలు అంతా విని, కేసు గట్టిదేనని మీసం దువ్వి, మాటవరుసకు అడిగాడు.

"ఇంత దూరం ఎట్ల వస్తివప్పా?"

"ఆ బస్సులోనే సామీ. పాసు ఉండాది గదా!" అన్నాడు చిన్నాయన గర్వంగా.

వకీలు కలానికి మూత పెట్టేశాడు. "అయితే పరిహారం ముట్టినట్టే గదప్పా! దాన్ని వాడుకుంటా మళ్లా దావా యాడిది?"

తిరుగు ప్రయాణంలో చిన్నాయన పట్టుబట్టి టికెట్టు అడిగాడు. కండక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు.

"నీ దగ్గర దుడ్లు తీసుకుంటే మా సావుకారు ఊరుకోడప్పా. మాట ఇచ్చినాడు గదా!"