హాస్టల్ గేటు ముందు డివైడర్

రోడ్డు వేయకముందే దాని మీద ఎవరు దెబ్బతింటారో వెతకడం మా పని. రోడ్డు ఇంకా ఆలోచనగా ఉన్నప్పుడు ఒకసారి, తొలి నక్షా గీశాక ఒకసారి, కొలతలన్నీ ఖాయమయ్యాక మరోసారి చూస్తాం. పని నడిచేటప్పుడు, బండ్లు వదిలే ముందు, వదిలిన కొన్నాళ్లకు మళ్లీ చూస్తాం. చూసేవాళ్లు ఆ రోడ్డు గీసినవాళ్లు కాకూడదన్నది నియమం. వంట చేసిన మనిషికి కూరలో ఉప్పు తేడా ఒక్కోసారి తెలియనట్టే, గీసినవాడికి తన గీతలో లోపం కనిపించదు. దీన్ని సేఫ్టీ ఆడిట్ అంటారు.

నాకు ఈ పని నేర్పింది మా సారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇంజనీరుగా రిటైరై, తార్నాకలో తన ఇంటి కింది వాటాలోనే ఆఫీసు పెట్టుకున్నారు. నేను లాలాగూడ మనిషిని. ఇంటర్‌తో చదువు ఆగి, సర్వే గొలుసు మోయడంతో మొదలుపెట్టి, మట్టి లెక్కలూ వంపుల లెక్కలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. "నక్షా చూసేటప్పుడు నువ్వు నువ్వుగా ఉండకు. మోకాళ్లనొప్పుల ముసలమ్మవి అవ్వు. సైకిలు మీద గ్యాస్ బండ కట్టుకున్నవాడివి అవ్వు" అనేవారు సారు. నేను అలాగే చూసేవాణ్ణి. అంకెలతో నాకు స్నేహం ఎక్కువ గనుక, ముసలమ్మ నడకకూ ఒక వేగం కట్టి, ఆ వేగానికి రోడ్డు వెడల్పు సరిపోతుందో లేదో చూసుకునేవాణ్ణి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. యూనివర్సిటీ గేట్ల ముందు ఇనుప కంచెలు, బాష్పవాయువు వదిలే పోలీసు వజ్రా బండ్లు ఉండేవి. కొన్ని సాయంత్రాలు తార్నాక దాకా కళ్లు మండేవి. మా ఆఫీసులో ఆ సంగతి మాట్లాడేవాళ్లం కాదు. టీవీలో వార్తలు మొదలైతే సారు చప్పుడు తగ్గించేవారు, నేను తల వంచుకుని కాలిక్యులేటర్ నొక్కేవాణ్ణి. బంద్ ఎప్పుడని మాత్రం ఒకరినొకరు అడిగేవాళ్లం. సైటుకు పోవాలి కదా.

క్యాంపస్‌ను ఆనుకుని పోయే ఒక రోడ్డును వెడల్పు చేసే పని అప్పుడే మా చేతికొచ్చింది. తొలి నక్షా మేమే చూశాం. అందులో హాస్టల్ గేటు ముందు డివైడర్‌లో ఖాళీ ఉంది, జీబ్రా చారలున్నాయి. ఖాయం చేసిన నక్షా వచ్చేసరికి ఆ ఖాళీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా డివైడర్, దాని మీద నడుం ఎత్తు రెయిలింగు. దాటాలంటే దూరంగా ఉన్న చౌరస్తా దాకా పోయి రావాల్సిందే.

కారణం లెక్కల పట్టీలో ఉంది. ఆ గేటు దగ్గర రోడ్డు దాటేవాళ్లు దాదాపు లేరని రాశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా గల్లీలో ఉండే ఒకామె ఆ హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. నేను అక్కా అని పిలుస్తాను. పొద్దున ఆమె దిగే బస్ స్టాపు అవతలి వైపు. రోజూ అక్కడే దాటుతుంది. ఆమెతోపాటు బస్సు దిగే మెస్సు వాళ్లు, ఊడ్చేవాళ్లు, హాస్టల్ పిల్లలు అందరూ అక్కడే దాటుతారు.

లెక్క తీసిన వారం ఏదో చూశాను. అప్పుడు గొడవలు ముదిరి హాస్టళ్లు ఖాళీ చేయించారు, మెస్సులు మూశారు. లెక్క తీసే పట్టీలో 'సాధారణ రోజు' అని ఒక గడి ఉంటుంది. బంద్ ఉండకూడదు, ఊరేగింపు ఉండకూడదు, బస్సులు నడవాలి. పిల్లల్ని ఊళ్లకు పంపించిన వారంలో అవన్నీ సరిపోయాయి. లెక్కకు వచ్చినవాళ్లు మోసం చేయలేదు. చూసిందే రాశారు. పిల్లలుంటే బంద్, పిల్లలు లేకుంటే సాధారణ రోజు. ఆ ఏడాది ఆ గేటుకు మూడో రకం రోజు దొరకడం కష్టమైంది.

సారుకు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నక్షా మీద పెట్టారు. "అలాగైతే మనమే లెక్క తీయాలి. నోటిమాటకు వాళ్లు ఖాళీ వదలరు. ఇంక కాంక్రీటు పడిందంటే ఎవరూ పగలగొట్టరు" అన్నారు.

మెస్సు నడుస్తూ, బంద్ లేని రోజు ఒకటి చూసుకుని వెళ్లాను. గేటు పక్కన నిలబడి, మనిషి దాటినప్పుడల్లా చేతిలోని లెక్కింపు యంత్రం మీట నొక్కుతున్నాను. పావుగంటకొకసారి అంకె రాసుకోవాలి. కాసేపటికి ఇద్దరు విద్యార్థులు వచ్చి చెరోపక్క నిలబడ్డారు.

"ఏం అంకుల్, తస్బీ పూసలు తిప్పుతున్నవా?" అన్నాడు ఒకతను.

"రోడ్డు దాటేటోళ్లను లెక్కవెడుతున్న తమ్మీ."

"లెక్కవెట్టి ఏం జేస్తవ్? రాష్ట్రం ఇస్తవా?"

రెండో అతను నా వైపు కిందికీ మీదికీ చూశాడు. "మఫ్టీ పోలీసు రా ఈయన. కటింగ్ జూడు."

"చెప్పులేసుకున్నడు గదరా."

"గదే మరి. బూట్లేస్కుంటే దొరుకుతడని."

నవ్వులాటగానే మొదలైంది గానీ జనం మూగారు. ఎవరో నా చేతిలోని కాగితం లాక్కున్నారు. మొదటి అతను దాన్ని చూసి నవ్వు ఆపేశాడు. "పావుగంట పావుగంటకు రాసినవ్. ఏ టైంకు ఎంతమంది బయటికొస్తమో మొత్తం ఉన్నది ఈడ. ఇది ఎవరికిస్తవ్?"

"రోడ్డు డిజైన్ చేసెటోళ్లకు."

"ఆళ్ల కాడికెల్లి పోలీసోళ్లకు పోదని గ్యారంటీ ఇస్తవా?"

ఇవ్వలేనని చెప్పాను. అది నిజం.

అంతలో మెస్సు అక్క గేటు లోపలి నుంచి వచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఏమైంది? గాయన మా గల్లీ ఆయన. నల్లాకాడ బిందెలు గూడ లెక్కవెడ్తడు, అలవాటు గది. ఇడ్శిపెట్టుండ్రి."

"అక్కా, నీకు తెల్వదు."

"నాకేం తెల్వదు? ఈడ డివైడర్ మూస్తరట. మూస్తే నేను ఆ చౌరస్తాకు పోయి తిరిగొచ్చేసరికి మీకు టిఫిన్ ఉండది. నా మోకాళ్లకు దుంకుడు చేతగాదు. ఆలస్యమైతే కాంట్రాక్టరు తీసేస్తా అంటుండు. ఆయన లెక్క నా కోసమే."

మొదటి అతను కాగితాన్ని మళ్లీ చూశాడు. చివరికి ఒక మాట మీద కుదిరింది. లెక్క తీసుకోవచ్చు. కానీ ఆ రోజు మొత్తానికి ఒక్క అంకే ఇవ్వాలి. ఏ వేళకు ఎంతమందో రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. సరేనన్నాను. కాగితం చింపి నా చేతిలోనే పెట్టాడు. సాయంత్రం దాకా నిలబడి మొత్తం ఒకటే రాసుకున్నాను. కానీ మీట నొక్కేది నేనే కదా. ఏ పావుగంటకు ఎంత అన్నది రాయకపోయినా నా తలలో నిలిచిపోయింది. అది నాకు పుట్టుకతో ఉన్న రోగం.

తర్వాతి వారం మీటింగు. రోడ్డు గీసిన కంపెనీ ఇంజనీరు బల్లకు ఆ పక్కన కూర్చున్నాడు. ఆయన పక్కన బందోబస్తు చూసే పోలీసు అధికారి. సేఫ్టీ ఆడిట్ మీటింగుకు అలాంటివారు రావడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన ముందు పెట్టిన టీ అలాగే చల్లారింది.

సారు మా అభ్యంతరం చదివారు. పాత లెక్క హాస్టళ్లు ఖాళీగా ఉన్న వారం తీసిందని, కొత్త లెక్కలో దాటేవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పారు. ఇంజనీరు మా కాగితం తిప్పి చూశాడు.

"మొత్తం ఒక్కటే ఉంది. రద్దీ గంట ఏది?"

కాగితాన్ని సారు ముందుకు జరిపాడు.

"సార్, మీకు తెలియనిది కాదు. డివైడర్‌లో ఖాళీ ఇవ్వాలా, సిగ్నల్ పెట్టాలా, వంతెన కట్టాలా అన్నది తేలేది రద్దీ గంట మీద. రోజు మొత్తానికి ఒక అంకె ఇస్తే దాంతో నేనేం చేసుకోను? కనీసం ఏ గంటలో ఎక్కువో చెప్పండి, నేను మళ్లీ ఆలోచిస్తాను."

అధికారి అప్పుడు మొదటిసారి తలెత్తాడు. పెన్ను తీశాడు.

అంకె నా నాలుక మీద ఉంది. పొద్దున మెస్సు వాళ్లు దాటే వేళది, సాయంత్రం పిల్లలు గుంపుగా బయటికొచ్చే వేళది, రెండూ ఉన్నాయి. పొద్దుటిది ఒక్కటే చెప్తే చాలు కదా అనిపించింది. కానీ సాయంత్రానిది దానికి మూడింతలు. పెద్దది దాచి చిన్నది చెప్తే అది లెక్క కాదు. సారు నా వైపే చూస్తున్నారు. నా తలలో అది ఉంటుందని ఆయనకు తెలుసు.

"రాసుకోలేదు సార్" అన్నాను.

అధికారి పెన్ను మూసేశాడు. ఇంజనీరు మా అభ్యంతరానికి ఎదురుగా 'వివరాలు చాలవు, అంగీకరించలేదు' అని రాసి సంతకం పెట్టాడు. మా పనిలో అంతే. మేము చెప్పగలం, వాళ్లు కారణం రాసి కాదనగలరు. ఆ కారణం న్యాయంగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సారు నా వైపు తిరిగారు.

"ఆ అంకె నీ దగ్గరుంది కదయ్యా."

"ఉన్నది సార్."

"ఆ పిల్లల కోసం ఆపావా, ఉద్యమం కోసం ఆపావా?"

"మాటిచ్చిన సార్. మీరైతే చెప్పేవారా?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నారు. "నన్నడక్కు. ఈ రోజుల్లో నేను ఏం చెప్పినా అది నా జిల్లా చెప్పినట్టే వినపడుతుంది. చెప్తే ఆంధ్రావాడు పట్టించాడంటారు. చెప్పకపోతే భయపడ్డాడంటారు. నీకు ఆ బాధ లేదు." ఆటో దిగేటప్పుడు, "నీకు వేరే బాధ ఉందిలే" అన్నారు.

రోడ్డు పడింది. బండ్లు వదిలే ముందు చూడ్డానికి మేమే వెళ్లాం. గేటు ముందు పిల్లలు రెయిలింగు ఎక్కి దూకుతున్నారు. ఒకతను అవతల దిగేసరికి బస్సు బ్రేకు కొట్టింది. ఇక్కడ దాటే దారి ఇవ్వకపోతే ప్రాణం పోతుందని సారు గట్టిగానే రాశారు. కొన్నాళ్లకు జవాబొచ్చింది. రెయిలింగు ఎత్తు పెంచారు, పైన మొనలు పెట్టారు. మా అభ్యంతరం తీర్చినట్టు రాసుకున్నారు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు క్యాంపస్ అంతా రంగులే. నేనూ వెళ్లి నిలబడ్డాను, సంతోషంగానే. రెయిలింగు మాత్రం అక్కడే ఉంది, జెండాలు కట్టడానికి పనికొచ్చింది.

ఆ తర్వాత చివరి ఆడిట్ వచ్చింది, రోడ్డు వాడకంలోకి వచ్చాక చేసేది. ఆ గేటు దగ్గర ప్రమాదాల గడిలో సున్నా. ఇంజనీరు ఫోన్ చేసి, "చూశారా, భయపడ్డారు గానీ ఒక్కటి కూడా లేదు" అన్నాడు. మొనలు పెట్టాక అక్కడ దూకేవాళ్లు లేరు. అది తప్పు సున్నా కాదు. నేను రెండుసార్లు సరిచూశాను. సారుకు ఇచ్చాను, ఆయన సంతకం పెట్టారు.

మెస్సు అక్క అప్పటికి ఆ పనిలో లేదు. చౌరస్తా దాకా పోయి తిరిగి వచ్చేసరికి రోజూ ఆలస్యమైంది, కాంట్రాక్టరు అన్నంత పనీ చేశాడు. మెట్టుగూడలో ఒక చిన్న క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. వంట కాదు, గిన్నెలే. ఒక పొద్దున నల్లా దగ్గర కనిపిస్తే చెప్పాను.

"ఆడ ఎవరికీ దెబ్బ తగల్లేదట అక్కా."

"మంచిదే గద మరి." బిందె వంచి పాత నీళ్లు పారబోసింది. "ఆ పోరడు నీ కాగితం చింపిన దినం నాకు అడ్డం రాకపోతే అయిపోతుండె. నువ్వు టైములన్నీ ఇస్తుంటివి, వాళ్లు ఖాళీ ఇడుస్తుండిరి."

"ఇడుస్తుండిరో లేదో అక్కా. పోలీసాయన గూడ ఉండె ఆడ."

"ఉండె అన్నవు గద." బిందె నల్లా కింద పెట్టి, నిండేదాకా నీళ్లనే చూసింది. "ఇస్తే పోరగాళ్లను కొడుతుండిరి. నేను వండిన అన్నం తిన్న పోరగాళ్లు. గది గూడ నాకు మంచిగ అనిపియ్యకపోతుండె."

బిందె నిండింది. చుంబళం గుడ్డ తల మీద సర్దుకుని, ఎత్తమన్నట్టు నా వైపు చూసింది. ఎత్తాను.

"ఇప్పుడు ఆడ పప్పు ఎవరు వండుతున్నరో" అంటూ నడిచింది. "ఆ పోరగాళ్లు నీళ్లపప్పే తింటుండొచ్చు."